ప్రభుత్వ వాహనాల సమీకరణలో పోటీ బిడ్డింగ్: ప్రజాధనానికి రక్షణ, చిన్న యజమానులకు అవకాశం

నల్లగొండ, మహబూబ్‌నగర్: తహసీల్దారు కార్యాలయం ముందు ఆగి ఉండే జీపు, అర్ధరాత్రి తండాకు వెళ్లి గర్భిణిని ఆసుపత్రికి చేర్చే అంబులెన్సు, తెల్లవారుజామున పల్లె నుంచి పట్టణానికి బయలుదేరే ఆర్టీసీ బస్సు వంటి వాహనాలు ప్రజలు నిత్యం చూసేవే. ఇవన్నీ ప్రజాధనంతో కొన్నవో, ప్రజాధనం నుంచి అద్దె చెల్లిస్తున్నవో అయి ఉంటాయి. అయితే ఆ వాహనాన్ని ఎవరి వద్ద కొన్నారు, ఆ ధర ఎలా ఖరారైంది, మరొకరు తక్కువకు ఇచ్చే అవకాశం ఉన్నదా అనే ప్రశ్నలకు సమాధానం చాలామందికి తెలియదు. ఈ ప్రశ్నలన్నింటికీ సమాధానం పోటీ బిడ్డింగ్ అనే విధానంలో ఉన్నది. ఆ విధానం ఎలా పనిచేస్తుందో, ఎక్కడ బలహీనపడుతుందో వివరించడమే ఈ వ్యాస ఉద్దేశం.

ఉమ్మడి నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లాలకు ఈ అంశంతో ప్రత్యేక సంబంధం ఉన్నది. 2016 అక్టోబరు 11న తెలంగాణలో జిల్లాల పునర్వ్యవస్థీకరణ జరిగి ఉమ్మడి నల్లగొండ జిల్లా నల్లగొండ, సూర్యాపేట, యాదాద్రి భువనగిరి జిల్లాలుగా ఏర్పడింది. ఉమ్మడి మహబూబ్‌నగర్ నుంచి నాగర్‌కర్నూల్, వనపర్తి, జోగుళాంబ గద్వాల జిల్లాలు, 2019 ఫిబ్రవరిలో నారాయణపేట జిల్లా ఏర్పాటయ్యాయి. కొత్త జిల్లాతో పాటు కలెక్టరు కార్యాలయం, పోలీసు కార్యాలయం, వ్యవసాయం, వైద్యారోగ్యం, విద్య, సంక్షేమ శాఖల జిల్లా కార్యాలయాలు వచ్చాయి. ఒక జిల్లా అధికారి ఉన్నచోట పలువురు వచ్చారు. వారందరికీ క్షేత్ర పర్యటనకు వాహనం అవసరమే.

దీనికి తోడు, 15 సంవత్సరాలు దాటిన ప్రభుత్వ వాహనాల రిజిస్ట్రేషన్‌ను పునరుద్ధరించరాదన్న కేంద్ర నిబంధన 2023 ఏప్రిల్ 1 నుంచి అమలులోకి వచ్చింది. కేంద్ర, రాష్ట్ర ప్రభుత్వ శాఖలతో పాటు మున్సిపాలిటీలు, పంచాయతీలు, రవాణా సంస్థల వాహనాలకు కూడా ఇది వర్తిస్తుంది. ఫలితంగా పాత జీపుకు మరమ్మతులు చేయించి ఏళ్ల తరబడి నడిపించే పద్ధతికి తెరపడింది. పాతది తొలగించి కొత్తది కొనడమో, అద్దెకు తీసుకోవడమో తప్పనిసరి అయింది. అందువల్ల టెండరు విధానం సక్రమంగా ఉండవలసిన ఆవశ్యకత గతం కంటే పెరిగింది.

అవసరంతో ఆరంభం

ప్రభుత్వ కార్యాలయం వాహనం కొనుగోలు చేయడం ఒక వ్యక్తి షోరూముకు వెళ్లి కారు కొన్నట్లు కాదు. ముందుగా వాహనం అవసరమా అన్నది తేలాలి. పాత వాహనం వాడకానికి పనికిరాదని సాంకేతిక అధికారి పరిశీలించి ధ్రువీకరించాలి. బడ్జెట్‌లో కేటాయింపు ఉండాలి. ఆర్థిక శాఖ అనుమతి లభించాలి. సొంత డబ్బు ఖర్చు చేసేటప్పుడు వివేకవంతుడైన మనిషి ఎంత జాగ్రత్త వహిస్తాడో, ప్రజాధనం ఖర్చు చేసే అధికారి కూడా అంతే జాగ్రత్త వహించాలన్నది ప్రభుత్వ ఆర్థిక నియమాలలో మొదటి సూత్రం.

ఆ తరువాత వచ్చే ప్రశ్న, కొనాలా, అద్దెకు తీసుకోవాలా అన్నది. ఏడాది పొడవునా ప్రత్యేక అవసరానికి వాడే అంబులెన్సు, అగ్నిమాపక శకటం, పోలీసు వాహనం వంటివి సాధారణంగా కొనుగోలు చేస్తారు. అధికారుల పర్యటనలకు వాడే కార్లను మాత్రం నెలసరి అద్దెపై తీసుకునే పద్ధతి విస్తృతంగా అమలులో ఉన్నది. అద్దె వాహనానికి డ్రైవరు నియామకం, మరమ్మతులు, బీమా వంటి బాధ్యతలు యజమానివే. ఏ పద్ధతి అయినా ధరను నిర్ణయించవలసింది పోటీయే.

టెండరు పెట్టె నుంచి కంప్యూటరు తెరకు

ఒకప్పుడు టెండరు అంటే కార్యాలయంలో తాళం వేసిన పెట్టె. పత్రికలో ప్రకటన వెలువడిన తరువాత దరఖాస్తుదారుడు స్వయంగా వచ్చి రుసుము చెల్లించి టెండరు పత్రం తీసుకోవాలి. ధర నింపి, సీలు వేసిన కవరును గడువులోగా ఆ పెట్టెలో వేయాలి. చూడటానికి నిష్పక్షపాతంగా కనిపించిన ఈ పద్ధతిలో లోపాలు లేకపోలేదు. టెండరు పత్రం ఎవరు కొన్నారన్నది కార్యాలయం వద్ద ఉన్నవారికి తెలిసిపోయేది. పోటీదారులు ముందుగానే కూడబలుక్కొని రింగు కావడానికి అది వీలు కల్పించేది. కొత్తవారు పెట్టె వరకు రాకుండా అడ్డుకున్న సందర్భాలూ ఉండేవి. మారుమూల మండలానికి చెందిన వ్యక్తికి ప్రకటన చేరేలోపే గడువు ముగిసిపోయేది.

ఈ పరిస్థితిని మార్చే దిశగా ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2003లో ఈ-ప్రొక్యూర్‌మెంట్ విధానాన్ని ప్రారంభించింది. దేశంలో ఈ బాట పట్టిన తొలి రాష్ట్రాలలో ఆంధ్రప్రదేశ్ ఒకటి. తొలి దశలో చేరిన సంస్థల్లో నీటిపారుదల శాఖతో పాటు రోడ్డు రవాణా సంస్థ కూడా ఉండటం గమనార్హం. టెండరు పత్రాన్ని ఎక్కడి నుంచైనా చూసే వీలు, డిజిటల్ సంతకంతో బిడ్ దాఖలు చేసే వీలు, గడువు ముగిసే వరకు ఎవరి ధర ఎవరికీ కనిపించకుండా ఉండే ఏర్పాటు దీనివల్ల సమకూరాయి. రాష్ట్ర విభజన తరువాత తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ రెండూ వేర్వేరు పోర్టళ్ల ద్వారా ఇదే విధానాన్ని కొనసాగిస్తున్నాయి.

కేంద్ర ప్రభుత్వ స్థాయిలోనూ ఇటువంటి మార్పే వచ్చింది. దశాబ్దాల పాటు కేంద్ర శాఖలకు రేట్ కాంట్రాక్టులు కుదిర్చిన సరఫరాలు, విక్రయాల డైరెక్టరేట్ జనరల్ కార్యాలయం 2017 అక్టోబరు 31న మూతపడింది. దాని స్థానంలో 2016 ఆగస్టులో ప్రారంభమైన ప్రభుత్వ ఈ-మార్కెట్‌ప్లేస్, అంటే జెమ్, ప్రధాన వేదిక అయింది. రాష్ట్ర ప్రభుత్వాల శాఖలు కూడా దీనిని వినియోగించుకోవచ్చు. ఇందులో బిడ్లతో పాటు రివర్స్ వేలం సదుపాయం కూడా ఉన్నది. సాధారణ వేలంలో ధర పైకి పోతే, రివర్స్ వేలంలో సరఫరాదారులు ఒకరిని మించి ఒకరు ధర తగ్గిస్తూ వస్తారు.

నిర్దేశాలలోనే అసలు పోటీ

పోటీ అంటే కవర్లు తెరిచే రోజున జరిగేదని చాలామంది భావిస్తారు. వాస్తవానికి పోటీ ఉంటుందా, ఉండదా అన్నది అంతకు చాలాముందే, వాహనం ఎలా ఉండాలో రాసే నిర్దేశాల పత్రంలోనే తేలిపోతుంది. ఒకే కంపెనీ తయారు చేసే మోడల్‌కు మాత్రమే సరిపోయేలా పొడవు, వెడల్పు, ఇంజను సామర్థ్యం రాస్తే, ఎంత గొప్ప పోర్టల్ ఉన్నా బిడ్డరు ఒక్కరే మిగులుతారు. కంప్యూటరు రింగును కొంతవరకు అడ్డుకోగలదు గాని, కొలతలలో దాగిన పక్షపాతాన్ని గుర్తించలేదు. దానిని గుర్తించవలసింది మనుషులే.

అలాగని నిర్దేశాలు రాయకుండా వదిలివేసినా ప్రమాదమే. ఉదాహరణకు నల్లమల అడవుల్లోని అమ్రాబాద్, అచ్చంపేట ప్రాంతాల చెంచు పెంటలకు వెళ్లవలసిన వైద్య వాహనాన్ని పరిశీలించవచ్చు. ఆ దారుల్లో రాళ్లు, వాగులు, ఎత్తుపల్లాలు ఎక్కువ. నేల నుంచి బండి అడుగు భాగానికి ఉండవలసిన ఎత్తు, వాలు ఎక్కగల శక్తి టెండరులో పేర్కొనకపోతే, పట్టణ రోడ్లకు సరిపోయే వాహనమే తక్కువ ధరకు వస్తుంది. కాగితంపై పొదుపు కనిపిస్తుంది. వర్షాకాలంలో ఆ బండి పెంట వరకు చేరదు. దేవరకొండ, చందంపేట పరిసరాల్లోని కొండ తండాల విషయంలోనూ ఇదే వర్తిస్తుంది.

కాబట్టి మంచి నిర్దేశం ‘ఫలానా కంపెనీ బండి’ అని చెప్పదు. ‘ఇంతమందిని, ఇంత బరువును, ఇటువంటి దారిలో మోయగల బండి’ అని చెబుతుంది. పని ఏమిటో స్పష్టంగా చెప్పి, ఆ పని చేయగల వారందరికీ తలుపు తెరిచి ఉంచుతుంది.

రెండు కవర్ల విధానం

పెద్ద కొనుగోళ్లలో సాధారణంగా రెండు కవర్ల పద్ధతి పాటిస్తారు. మొదటి కవరులో సాంకేతిక వివరాలు, అర్హత పత్రాలు ఉంటాయి. రెండవ కవరులో ధర ఉంటుంది. మొదట సాంకేతిక కవర్లు తెరిచి, నిర్దేశాలకు తగిన వారెవరో కమిటీ తేలుస్తుంది. అందులో నెగ్గిన వారి ధరల కవర్లు మాత్రమే తెరుస్తారు. ధర తెలిసిన తరువాత అర్హతను తమకు అనుకూలంగా మలచుకునే వీలు లేకుండా చేయడమే ఈ ఏర్పాటు ఉద్దేశం.

బిడ్‌తో పాటు ధరావతు సొమ్ము చెల్లించవలసి ఉంటుంది. కేంద్ర ప్రభుత్వ సాధారణ ఆర్థిక నియమావళి, 2017 ప్రకారం ఇది అంచనా విలువలో 2 నుంచి 5 శాతం వరకు ఉంటుంది. బిడ్ గెలిచి వెనుకకు తగ్గేవారిని ఇది నిరోధిస్తుంది. గెలవనివారికి ఆ సొమ్ము తిరిగి ఇస్తారు. ప్రకటన వెలువడిన తరువాత బిడ్ల దాఖలుకు సాధారణంగా కనీసం మూడు వారాల గడువు ఇవ్వాలని కూడా అదే నియమావళి చెబుతున్నది. గడువు కుదిస్తే సమాచారం ముందే తెలిసినవారికి మాత్రమే అవకాశం దక్కుతుంది. అందుకే ఈ మూడు వారాలను వృథా కాలయాపనగా భావించరాదు.

ఒకే ఒక్క బిడ్ వచ్చినప్పుడు ఏమి చేయాలన్న సందేహం తరచు తలెత్తుతుంది. ఒక్క బిడ్ వచ్చినంత మాత్రాన పోటీ లేదని తీర్మానించనవసరం లేదు. తగిన ప్రచారం జరిగిందా, అర్హతలు అనవసరంగా కఠినంగా ఉన్నాయా, మార్కెట్‌తో పోలిస్తే ధర సమంజసమా అన్న మూడు అంశాలను పరిశీలించాలి. మూడింటికీ సంతృప్తికరమైన సమాధానం ఉంటే ఆ బిడ్ చెల్లుతుంది. లేనిపక్షంలో నిర్దేశాలను సవరించి మళ్లీ టెండరు పిలవడమే మేలు.

న్యాయస్థానాలు నిర్దేశించిన హద్దులు

టెండరు నిబంధన ఒకసారి ప్రకటించిన తరువాత దానికి ప్రభుత్వమే కట్టుబడి ఉండాలని సుప్రీంకోర్టు 1979లో రమణ దయారామ్ శెట్టి కేసులో స్పష్టం చేసింది. బొంబాయి విమానాశ్రయంలో ఉపాహారశాల నిర్వహణకు పిలిచిన టెండరుకు సంబంధించిన వివాదమది. అర్హత లేని వ్యక్తికి సడలింపు ఇవ్వాలనుకుంటే ఆ సడలింపు ఉన్నదన్న సంగతి అందరికీ ముందే తెలియాలన్నది అందులోని సారాంశం. తెలిసి ఉంటే మరికొందరు కూడా బిడ్ వేసేవారు కదా అన్నది ఇందులోని న్యాయసూత్రం. రాజ్యాంగంలోని 14వ అధికరణం హామీ ఇచ్చిన సమానత్వం టెండరు పత్రానికి కూడా వర్తిస్తుందని ఈ తీర్పు ద్వారా స్థిరపడింది.

1994లో టాటా సెల్యులార్ కేసులో సుప్రీంకోర్టు మరొక హద్దును గీసింది. ఎవరికి కాంట్రాక్టు ఇవ్వాలన్న నిర్ణయాన్ని న్యాయస్థానం తానే తీసుకోదు. ఆ నిర్ణయానికి వచ్చిన తీరు సక్రమమా, పక్షపాతరహితమా అన్నదే పరిశీలిస్తుంది. అందువల్ల టెండరు కమిటీ తన నిర్ణయానికి కారణాలను ఫైలులో స్పష్టంగా నమోదు చేయడం ఎంతో ముఖ్యం. కారణం రాసి లేని నిర్ణయం ఎంత మంచిదైనా కోర్టులో నిలబడటం కష్టం.

బిడ్డర్ల మధ్య కుమ్మక్కు కేవలం నైతిక దోషం కాదు, చట్టవిరుద్ధం కూడా. 2002 నాటి పోటీ చట్టంలోని మూడవ సెక్షన్ బిడ్ రిగ్గింగ్‌ను నిషేధించింది. ఫిర్యాదులను భారత పోటీ కమిషన్ విచారిస్తుంది. వంతులవారీగా గెలవడం, ఒకరు గెలిచేలా మిగిలినవారు కావాలని ఎక్కువ ధర వేయడం, పోటీ నుంచి తప్పుకున్నవారికి ఉప కాంట్రాక్టు ఇవ్వడం వంటివి దీని సాధారణ రూపాలు.

తక్కువ ధర, తక్కువ ఖర్చు ఒకటి కావు

అర్హులలో అతి తక్కువ ధర పేర్కొన్న బిడ్డరును కార్యాలయ పరిభాషలో ఎల్-1 అంటారు. సాధారణంగా కొనుగోలు ఆర్డరు ఎల్-1కే దక్కుతుంది. బిడ్లు తెరిచిన తరువాత ధరపై బేరసారాలు జరపరాదని, అత్యవసరమైన అరుదైన సందర్భాల్లో కూడా ఎల్-1తో మాత్రమే జరపాలని కేంద్ర విజిలెన్స్ కమిషన్ 2007లో సూచించింది. ఎల్-2తోనో ఎల్-3తోనో మాట్లాడటం మొదలుపెడితే సీలు వేసిన కవరుకు అర్థమే ఉండదు.

అయితే ఎల్-1ను లెక్కించే పద్ధతిలో జాగ్రత్త అవసరం. ఒక ఊహాజనిత ఉదాహరణ తీసుకుందాం. మొదటి వాహనం ధర 9,00,000 రూపాయలు, లీటరుకు 12 కిలోమీటర్లు నడుస్తుంది. రెండవ వాహనం ధర 9,60,000 రూపాయలు, లీటరుకు 16 కిలోమీటర్లు నడుస్తుంది. ఏడాదికి 24,000 కిలోమీటర్ల చొప్పున ఐదేళ్లలో 1,20,000 కిలోమీటర్లు తిరిగితే మొదటిదానికి 10,000 లీటర్లు, రెండవదానికి 7,500 లీటర్లు కావాలి. లీటరు 90 రూపాయలు అనుకుంటే ఇంధనంలోనే 2,25,000 రూపాయల తేడా వస్తుంది. కొనేటప్పుడు 60,000 రూపాయలు ఆదా చేసిన కార్యాలయం ఐదేళ్లలో నికరంగా 1,65,000 రూపాయలు నష్టపోతుంది. కాబట్టి ఇంధనం, మరమ్మతులు, వారంటీ కలిపి మొత్తం ఖర్చు ఆధారంగా పోల్చే పద్ధతిని టెండరులోనే ప్రకటిస్తే పొదుపు నిజమైన పొదుపు అవుతుంది.

దేశంలో జరిగిన ఒక పెద్ద కొనుగోలు ఈ సంగతిని చక్కగా తెలియజేస్తుంది. కేంద్ర ప్రభుత్వరంగ సంస్థల సంయుక్త సంస్థ అయిన ఈఈఎస్ఎల్ ప్రభుత్వ కార్యాలయాల కోసం 2017లో 10,000 ఎలక్ట్రిక్ కార్లకు అంతర్జాతీయ పోటీ బిడ్లు ఆహ్వానించింది. టాటా మోటార్స్ జీఎస్టీ మినహా ఒక్కో కారుకు 10.16 లక్షల రూపాయల కనిష్ఠ ధర పేర్కొని ఎంపికైంది. అటువంటి కారు అప్పటి చిల్లర ధర కంటే ఇది 25 శాతం తక్కువని ప్రకటించారు. అవసరాలను ఒకచోట చేర్చి పెద్ద సంఖ్యలో కొంటే ధర ఎంత తగ్గుతుందో ఈ టెండరు చూపింది.

కాగా, ఆ కార్లు ఒక ఛార్జింగుతో నగరంలో తగినంత దూరం నడవడం లేదని ఢిల్లీలోని కొందరు అధికారులు ఫిర్యాదు చేసినట్లు 2018లో వార్తలు వెలువడ్డాయి. కార్ల మోహరింపు అనుకున్న వేగంతో సాగలేదు. అనంతరం 2020లో అదే సంస్థ ఎక్కువ దూరం నడిచే 250 ఎలక్ట్రిక్ కార్లను మళ్లీ అంతర్జాతీయ పోటీ బిడ్డింగ్ ద్వారా ఎంపిక చేసింది. ఈసారి ఒక్కో కారు ధర పెరిగినా వాడకానికి తగిన వాహనం లభించింది. బిడ్డింగ్ తన పని తాను చేస్తుంది. ఏమి అడిగితే దానికే తక్కువ ధర తెస్తుంది. ఏమి అడగాలో తెలుసుకోవలసిన బాధ్యత మాత్రం కొనుగోలుదారుదే.

బస్సుల విషయంలో కొత్త పద్ధతి

ప్రజా రవాణాలో వాహనాన్ని కొనే బదులు కిలోమీటరు లెక్కన సేవను కొనే పద్ధతి విస్తరిస్తున్నది. బస్సు సమకూర్చడం, నిర్వహించడం ప్రైవేటు సంస్థ బాధ్యత. మార్గం, వేళలు, టికెట్ల ఆదాయం రవాణా సంస్థవి. కిలోమీటరుకు ఎవరు తక్కువ అడిగితే వారికే కాంట్రాక్టు దక్కుతుంది. ఆర్టీసీ ఎన్నో ఏళ్లుగా అమలు చేస్తున్న అద్దె బస్సుల విధానం కూడా ఈ కోవకు చెందినదే.

2022లో కేంద్ర ప్రభుత్వరంగ సంస్థ సీఈఎస్ఎల్ ఐదు నగరాల కోసం 5,450 ఎలక్ట్రిక్ బస్సులకు ఉమ్మడిగా టెండరు పిలిచింది. ఆ నగరాల్లో హైదరాబాద్ ఒకటి. 12 మీటర్ల బస్సుకు కిలోమీటరుకు 43.49 రూపాయలు, 9 మీటర్ల బస్సుకు 39.21 రూపాయలు కనిష్ఠ ధరలుగా తేలాయి. డీజిల్ బస్సు నడిపే ఖర్చు కంటే ఇది 27 శాతం తక్కువని అప్పట్లో ప్రకటించారు. ఒక్కొక్క నగరం విడివిడిగా టెండరు పిలిస్తే ఇంతటి ధర రావడం కష్టం. ఉమ్మడి నల్లగొండ ప్రజలకు ఎలక్ట్రిక్ బస్సులు పరిచయమైనది హైదరాబాద్–విజయవాడ జాతీయ రహదారిపైన. చౌటుప్పల్, నార్కట్‌పల్లి, సూర్యాపేటల మీదుగా సాగే ఈ మార్గంలో రాష్ట్ర రోడ్డు రవాణా సంస్థ 2023 మే 16న ఈ-గరుడ సర్వీసులను ప్రారంభించింది.

అన్ని సందర్భాల్లోనూ పోటీ బిడ్డింగే ఏకైక మార్గం కాదు. సామాజిక లక్ష్యం ఉన్నప్పుడు ప్రభుత్వం ముందే అద్దె నిర్ణయించి నిర్దిష్ట వర్గాలకు అవకాశం కల్పించవచ్చు. మండల మహిళా సమాఖ్యలు బస్సులను ఆర్టీసీకి అద్దెకు ఇచ్చే పథకం తెలంగాణలో 2025 మార్చి 8న ప్రారంభమైంది. ఇటువంటి చోట కూడా అద్దె ఎంత, ఎంపిక ఎలా జరిగింది అన్న వివరాలు బహిరంగంగా ఉండటమే నమ్మకానికి ఆధారం.

ఇతర దేశాల అనుభవం

ప్రభుత్వ వాహనాల కొనుగోలు అన్ని దేశాలకూ ఉన్న సమస్యే. అమెరికాలో 1949లో ఏర్పాటైన జనరల్ సర్వీసెస్ అడ్మినిస్ట్రేషన్ ఫెడరల్ శాఖలకు కావలసిన సాధారణ వాహనాలను సమకూరుస్తుంది. ఒక్కొక్క కార్యాలయం విడిగా డీలరును వెతకనవసరం లేకుండా ఈ సంస్థ తయారీదారులతో ముందే కాంట్రాక్టులు కుదుర్చుకుంటుంది. బ్రిటన్‌లో వివిధ ప్రభుత్వ సంస్థల అవసరాలను ఒకచోట చేర్చి ఎలక్ట్రానిక్ వేలం నిర్వహించే పద్ధతి ఉన్నది.

ఐరోపా సమాఖ్య 2009లోనే వాహనం జీవితకాలంలో వాడే ఇంధనం, వెదజల్లే కాలుష్యాన్ని కొనుగోలు సమయంలో పరిగణించాలని ఆదేశించింది. 2019లో సవరించిన నిబంధనల ద్వారా ప్రభుత్వ కొనుగోళ్లలో కాలుష్యరహిత వాహనాల కనీస వాటాను సభ్య దేశాలకు నిర్దేశించింది. దక్షిణ కొరియా 2002లో జాతీయ స్థాయి ఈ-ప్రొక్యూర్‌మెంట్ వ్యవస్థను ప్రారంభించింది. తెలుగు నేల ఈ విధానంలోకి అడుగుపెట్టింది ఆ మరుసటి సంవత్సరమే కావడం విశేషం.

ఫిలిప్పీన్స్ 2003 నాటి కొనుగోళ్ల చట్టంలో బ్రాండు పేరుతో నిర్దేశాలు రాయడాన్ని నిషేధించింది. బిడ్లు తెరిచేటప్పుడు పౌర సంస్థల ప్రతినిధులు పరిశీలకులుగా కూర్చునే ఏర్పాటు చేసింది. ఆ దేశం 2024లో ఈ చట్టం స్థానంలో కొత్త చట్టాన్ని తెచ్చింది. ఉక్రెయిన్ 2016లో తప్పనిసరి చేసిన ప్రొజోరో వ్యవస్థలో వేలం ముగియగానే ఎవరు ఎంత ధర వేశారో ఏ పౌరుడైనా చూడవచ్చు. దేశాలు వేరైనా వీటన్నింటిలో కనిపించే సూత్రం ఒక్కటే. చూసే కళ్లు పెరిగిన కొద్దీ చెల్లించే ధర తగ్గుతుంది.

స్థానిక వాహన యజమానులకు సూచనలు

జిల్లా కార్యాలయాలు పిలిచే అద్దె వాహనాల టెండర్లు మిర్యాలగూడ, జడ్చర్ల, కోదాడ, వనపర్తి వంటి పట్టణాల్లో ఒకటి రెండు కార్లతో జీవనం సాగించే యువకులకు మంచి అవకాశం. అయితే చాలామంది పత్రాల విషయంలోనే వెనుకబడుతున్నారు. టాక్సీగా రిజిస్ట్రేషన్, పర్మిట్, ఫిట్‌నెస్, బీమా, కాలుష్య ధ్రువీకరణ పత్రాలు గడువు దాటకుండా ఉంచుకోవాలి. ఆన్‌లైన్ టెండరు అయితే డిజిటల్ సంతకం ముందుగానే పొందాలి. చివరి రోజు వరకు వేచి చూడరాదు.

ధర వేసే ముందు నెలసరి వాయిదా, డ్రైవరు జీతం, డీజిల్, టైర్లు, సర్వీసింగు, బీమా అన్నీ లెక్క వేసుకోవాలి. ఎలాగైనా గెలవాలన్న తొందరలో గిట్టుబాటు కాని ధర వేస్తే, కొన్ని నెలలకే బండి మూలనపడుతుంది, అప్పు మాత్రం మిగులుతుంది. టెండరులో నిర్ణయించిన గరిష్ఠ అద్దె పరిమితి, నెలకు తిరగవలసిన కిలోమీటర్లు, అదనపు కిలోమీటర్లకు చెల్లింపు, బిల్లుల గడువు వంటి నిబంధనలను క్షుణ్ణంగా చదవాలి. సందేహాలు ఉంటే బిడ్ దాఖలుకు ముందే లిఖితపూర్వకంగా అడగాలి.

కార్యాలయాల వైపు నుంచి కూడా ఒక బాధ్యత ఉన్నది. బిల్లులు సకాలంలో చెల్లించే కార్యాలయం టెండరు పిలిస్తే ఎక్కువమంది ముందుకు వస్తారు. నెలల తరబడి జాప్యం జరిగితే చిన్న యజమాని తట్టుకోలేడు. ఆ జాప్యానికి వడ్డీని కూడా కలిపి ధర వేస్తాడు, లేదా పోటీ నుంచే తప్పుకుంటాడు. సకాల చెల్లింపు కూడా పోటీని పెంచే సాధనమేనని ఆహరణ, పంపిణీ అధికారులు గుర్తించవలసి ఉన్నది.

ప్రజలు ఎక్కడ చూడాలి

2005 నాటి సమాచార హక్కు చట్టంలోని నాలుగవ సెక్షన్ ప్రకారం ప్రభుత్వ కార్యాలయాలు తమ బడ్జెట్, వ్యయ వివరాలను స్వచ్ఛందంగా వెల్లడించాలి. వాహనం కొనుగోలుకు సంబంధించి పౌరులు అడగదగిన ప్రశ్నలు సూటిగానే ఉన్నాయి. నిర్దేశాలు ఎవరు రూపొందించారు? ప్రకటన ఎప్పుడు వెలువడింది, ఎంత గడువు ఇచ్చారు? ఎంతమంది బిడ్ వేశారు, సాంకేతిక దశలో ఎవరిని ఏ కారణంతో తిరస్కరించారు? ఖరారైన ధర ఎంత? పాత వాహనాన్ని ఏ పద్ధతిలో, ఎంతకు విక్రయించారు? కాంట్రాక్టు ఖరారైన తరువాత ఈ వివరాలు కోరవచ్చు. కంప్ట్రోలర్ అండ్ ఆడిటర్ జనరల్ తనిఖీ అధికారులు కూడా ఇటువంటి ప్రశ్నలనే ఫైలును అడుగుతారు.

పోటీ బిడ్డింగ్ కొందరికి కాగితాల జంజాటంగా కనిపించవచ్చు. అయితే ఆ కాగితాల వెనుక రెండు హామీలు ఉన్నాయి. పన్ను చెల్లించిన పౌరుడి రూపాయికి తగిన విలువ దక్కుతుందన్నది ఒకటి. ఎవరి సిఫారసూ లేని చిన్న యజమాని కూడా పెద్దవారితో సమానంగా తన ధర చెప్పుకోగలడన్నది మరొకటి. నిర్దేశాలు నిష్పక్షపాతంగా, గడువు తగినంతగా, చెల్లింపు సకాలంలో ఉన్నప్పుడే ఈ రెండు హామీలు నెరవేరుతాయి. అప్పుడే అమ్రాబాద్ పెంటకు వెళ్లవలసిన బండి అమ్రాబాద్ పెంటకు చేరుతుంది.